నారాయణప్ప కట్టిన విలువ

ఈ రోజు ఉదయం ఆరుంబావుకు పక్కింటివాళ్లు గోడలకు సున్నం కొట్టించడం మొదలుపెట్టారు. తడి సున్నం వాసనకు నారాయణప్పగారి చొక్కా గుర్తుకు వచ్చింది. ఏ ఇంటికి వెళ్లినా ముందు గోడకు చెయ్యి ఆనించి మందం చూసేవారు కనుక, ఆయన చొక్కా కుడిచేతికి ఎప్పుడూ సున్నం అంటుకుని ఉండేది. ఆయన పోయి నెల అయింది. హోసూరు నుంచి కృష్ణగిరి దాకా ఊరూరూ తిరిగి ఇళ్లకు అగ్నిబీమా చేయించిన ఏజెంటు ఆయన.

మా హోసూరు ఇంటికి ఆయన మొదటిసారి వచ్చినప్పుడు నాకు పెళ్లయి ఏడాది. ఆ ఇల్లు తప్ప మాకు వేరే ఆస్తి లేదు. నా భర్త బడిపంతులు. జీతం తిండికి సరిపోయేది. ఎంతకు బీమా రాయాలని నారాయణప్పగారు అడిగితే మా అత్తగారు, "వెయ్యి అని రాయప్పా" అన్నారు. ఇంటి విలువ ఆ ఇంటివాళ్ల నోట వస్తే ఇంటికి కీడని మా పెద్దవాళ్ల నమ్మకం. ఎవరు అడిగినా తక్కువే చెప్పేవారు.

నారాయణప్పగారు నవ్వలేదు. "మీ ఇంటి మాట వద్దులేమ్మా. అత్తిముగంలో మీ తమ్ముడు ఇట్లాంటిదే కట్టాలంటే ఏమేమి కావాల?" అన్నారు.

"వానికంత తాహతు యాడిదప్పా?" అంటూ అత్తగారు ఉత్సాహంగా మొదలుపెట్టారు. డెంకణికోట నుంచి మాను, పెంకులు, బండి బాడుగ, అన్నీ లెక్కలోకి వచ్చాయి. "మేస్త్రికి కూలి కాక మధ్యాహ్నం ముద్ద గూడా పెట్టల్ల. వాడు తినేది నువ్వు చూడల్ల." స్థలం ధర కూడా చెప్పబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. "నేల కాలదు గదమ్మా. దాన్ని వదిలెయ్యి."

మొత్తం ఆరు వేలయింది. "నా నోటనే చెప్పించినావే" అన్నారు అత్తగారు.

"నువ్వు చెప్పింది నీ తమ్ముని ఇంటికి గదా."

ప్రీమియం తగ్గుతుందని నా భర్త మూడు వేలు చాలన్నారు. నారాయణప్పగారు దానికి మాత్రం ఒప్పుకోలేదు. "సగానికి రాస్తే, రేపు వంటిల్లు ఒకటే కాలినా దానికి గూడా సగమే ఇస్తారప్పా. మిగతాది యాడ తెస్తావు?"  నా భర్త ఆరు వేలకే సంతకం చేశారు. ఆ ఏడు నాకు కొత్త చీర లేదు. నారాయణప్పగారి మీద కోపం వచ్చిందని ఇప్పుడు ఒప్పుకుంటాను.

మూడో వేసవిలో ఒక మధ్యాహ్నం అటక మీది కట్టెలు అంటుకుని వంటిల్లు, పక్క గది కాలిపోయాయి. మనుషులకు ఏమీ కాలేదు. అత్తగారు వీధిలో కూలబడి, "ఆ పొద్దు నా నోటితో చెప్పినందుకే ఇట్లయింది" అని ఏడ్చారు. మరుసటి రోజు నారాయణప్పగారు వచ్చి ఆమె పక్కనే నేల మీద కూర్చున్నారు.

"నువ్వు చెప్పినందుకే కప్పు మళ్లా లేస్తాదమ్మా" అన్నారు.

వానలకు ముందే లేచింది. అప్పు చేయవలసిన అవసరం రాలేదు.

ఆ తర్వాత ప్రతి ఏడూ గడువు తీరకముందే ఆయన వచ్చి, పెరిగిన ధరలు అడిగి, పాలసీలో మొత్తాన్ని ఆ మేరకు పెంచేవారు. అత్తగారు పోయాక నన్ను అడిగేవారు. ఏ ఇల్లు చూసినా, స్థలం వదిలేసి, మళ్లీ కట్టడానికి ఎంతవుతుందో లెక్క వేసుకోవడం నాకు అలవాటైంది. ఈ ఏడు పాలసీ కాగితం టపాలో వచ్చింది. అందులో పోయిన ఏటి మొత్తమే ఉంది. అడగడానికి ఇప్పుడు ఎవరూ ఇంటికి రావడం లేదు.