వదిన టేకు చేప, నా మొద్దు పుట్టగొడుగు

తప్పులుంటే ఏమీ అనుకోకండి... నా చదువు ఐదో తరగతితోనే ఆగిపోయింది. కాగితం మీద నా రాత వంకర, ఫోనులో అంతకన్నా వంకర.

మా చిన్నప్పుడు... సఖినేటిపల్లి దగ్గర మా ఊరి బడిలో, ఇంట్లో ఉన్న వింత వస్తువు ఒకటి తెమ్మన్నారు టీచరుగారు.

మా మామయ్య సముద్రం మీద వేటకి వెళ్లేవాడు. ఆయన కూతురు దేవి వదిన ఎండబెట్టిన టేకు చేప తెచ్చింది. విసనకర్రంత పలచటి చేప, జానెడు తోక, తోక మీద ముల్లు...

మా నాన్న చెట్లెక్కి కొబ్బరి దింపు తీసేవారు. తెగులు పట్టి కొట్టేసిన కొబ్బరి మొద్దుకి మొలిచిన పుట్టగొడుగుని కత్తితో ఊడదీసి నా చేతిలో పెట్టారు. చెక్కంత గట్టిది.

"మీ మామయ్య చేపకి ఇదేం తీసిపోదమ్మా" అన్నారు. ఆ మాటకి పొంగిపోయాను.

నిజమే... రెండూ పలచటివే. పైన గోధుమ రంగు, కింద తెలుపు. చేపకి అడుగున నోరుంటే, నా దానికి సన్నటి బెజ్జాలు. తోకే తక్కువ... అన్నం మెతుకులతో ఓ కొబ్బరి ఈనె అంటించాను.

"ఒసేయ్, ఇది చీపురు చేపే!" అని బడంతా నవ్వింది.

సాయంత్రం నన్ను తీసుకెళ్లడానికి వచ్చిన నాన్న సరాసరి వదిన చేప దగ్గరికే వెళ్లారు. "ఎంత బాగా ఎండబెట్టేడే కోడలా మీ నాన్న! ఇలాంటిది నేనెక్కడా చూళ్లేదు" అన్నారు. నా దానివైపు కన్నెత్తి చూడలేదు.

ఒళ్లు మండిపోయింది. ఆయన టీచరుగారితో మాట్లాడుతుంటే చేప తోక పుటుక్కున విరిచి సంచిలో దూర్చేశాను. తోక మొదట్లో మిగిలిన ముల్లు బొటనవేల్లో దిగింది.

"ఏమైందే?"

"నా ఈనె గుచ్చుకుంది నాన్నా..."

"పాడు ఈనె!" అంటూ పుట్టగొడుగుతో సహా బడి పక్క కాలవలోకి విసిరేశారు. తేలుతూ పోయింది...

మర్నాడు బడికి రాగానే వదిన "తోక ఎలుకలు కొట్టేసేయే" అని ఏడ్చింది. "ఆయ్, ఎలుకలే" అన్నాను.

నిన్న ఆ చేప ఫొటో పెట్టింది వదిన. ఇన్నేళ్లకీ వాళ్ల టీవీ పైన మేకుకి వేలాడుతోంది. ఎన్ని లైకులో... మా నాన్నది కూడా. ఇప్పటికీ కళ్లు కుట్టాయి.

ఈ రోజుల్లో చెట్టు కొట్టిన మర్నాడే మొద్దు పెకలించేస్తున్నారు. అలాంటి పుట్టగొడుగు మళ్లీ నా కంట పడలేదు. మీరెవరైనా దాచుకున్నారా? ఉంటే చెప్పండి...

ఇది మాత్రం చదివాక ఫోనులోంచి తీసెయ్యండి. వదినకి తెలిసినా పర్వాలేదు... ఏ తప్పూ చేయని ఆ పుట్టగొడుగుని తనే కాలవలో పారేశానని మా నాన్నకి తెలియకూడదు.