మోకులు చూసే మా బావ

మా ఫిలోమెనా అక్క మొగుడు సబీనో బావ ముప్పై ఎనిమిదేళ్ళు మా ఇటాలియన్ ఊరు బారి రేవులో ఓడలు కట్టాడు. కట్టడమంటే గాడిదను రాటకు కట్టినట్టు కట్టడం. ఓడ గట్టు దగ్గరికి రాగానే పైనుంచి బరువు కట్టిన సన్నతాడు ఒకటి విసురుతారు. దాన్ని అందుకుని లాగితే వెనకాలే మనిషి చెయ్యంత లావు మోకు వస్తుంది. దాని కొసనున్న ఉచ్చును గట్టు మీది ఇనుప గుంజకు తగిలించాలి. ఓడ వెళ్ళేటప్పుడు తీసెయ్యాలి. అంతే పని. ఈ అంతే పని గురించి మా బావ మూడు గంటలు ఆపకుండా మాట్లాడగలడు. గొంతు ఆపరేషన్ అయ్యాక కూడా తగ్గలేదు, కాకపోతే ఇప్పుడు గుసగుసగా చెబుతాడు. పూర్వమే నయం. వీధి మలుపులో ఆ గొంతు వినపడగానే తలుపేసుకునేవాళ్ళం. ఇప్పుడు ఎప్పుడొచ్చి పక్కన కూర్చుంటాడో తెలియడం లేదు.

ఆ గొంతులో గడ్డ లేచింది పోయినేడు చలికాలంలో. ఆపరేషన్‌కి లోపలికి తీసుకెళ్తుంటే మా అక్క ఆసుపత్రి వరండాలో సాన్ బియాజోకి మొక్కుకుంది. గొంతు జబ్బులకి ఆయనే దిక్కు. మా బారిలోనూ ఆయనకి పూజలున్నాయి. కానీ అక్క అలా ఊళ్ళో దొరికేదానితో సరిపెట్టుకునే మనిషి కాదు. సముద్రానికి అవతల దుబ్రోవ్నిక్ ఊరికి ఆయనే ఇలవేల్పు, అక్కడికే వస్తానంది. మొగుడు బతికితే ఇద్దరూ కలిసి రేవు నుంచి గుడిదాకా నడిచి రావాలి. వెండి గొంతు చేయించి నాలుగు చేతులతో సమర్పించాలి. బావ తన నోటితో తను కృతజ్ఞత చెప్పుకోవాలి. ఇందులో ఒక్కటి తగ్గినా మొక్కు తీరినట్టు కాదు.

బావ బతికాడు. సెప్టెంబరులో మళ్ళీ లోపల దీపం వేసి చూస్తానన్నాడు డాక్టరు. ఆలోపల మొక్కు తీరకపోతే ఏమవుతుందో అక్క నోటితో అనలేదు గానీ, వేసవి వచ్చినప్పటినుంచీ ఆమెకు నిద్ర లేదు.

బారి నుంచి దుబ్రోవ్నిక్‌కి మామూలు బల్లకట్టు ఓడ ఉంది. రాత్రి ఎక్కితే పొద్దున దిగొచ్చు. అందులో పోయుంటే ఏ గొడవా లేకపోను. నేనే చెడగొట్టాను, ఒప్పుకుంటున్నాను. ఆ ఓడని ముప్పై ఎనిమిదేళ్ళు కట్టినవాడు మళ్ళీ అందులోనే పోవడమేమిటి, దర్జాగా విహారానికి పోయే పెద్ద ఓడలో పోదాం, ఎనిమిది రోజులు, త్రియెస్తె, స్ప్లిట్, దుబ్రోవ్నిక్, కోతోర్, కోర్ఫు, మళ్ళీ ఇల్లు అన్నాను. నేను విధవరాలిని, నా మొగుడు బతికినన్నాళ్ళూ నన్ను పక్క ఊరి సంతకి కూడా తీసుకెళ్ళలేదు. నాకూ ఉండదా ఆశ?

ఓడ ఎక్కిన గంటలోనే నా తప్పు తెలిసొచ్చింది. ఓడ ఏ రేవుకి చేరినా మా బావ కటకటాల దగ్గర నిలబడి కింద మోకులు కట్టేవాళ్ళని చూస్తాడు. కట్టడం అయిపోయాక కట్టిన మోకుల్ని చూస్తాడు. త్రియెస్తెలో అలాగే చూస్తూ మధ్యాహ్నం చేశాడు. అక్కా నేనూ దిగి ఊరు తిరిగొచ్చేసరికి అక్కడే ఉన్నాడు, పొద్దున పెట్టుకున్న టోపీ కూడా కదలలేదు. స్ప్లిట్‌లో ఒక జర్మను జంట ఈయన్ని ఓడ ఉద్యోగి అనుకుని ఏదో అడిగారు. మా బావ వాళ్ళకి గుసగుస గొంతుతో, అచ్చమైన బారి యాసలో, చేతులు తిప్పుతూ అరగంట పాఠం చెప్పాడు. వాళ్ళు పాపం తలాడించి, చివర్లో చిల్లర ఇవ్వబోయారు.

నేను తిట్టాను. బావా, ఇంట్లో ఉంటే ఇదంతా ఊరికే చూసేవాడివి కదా అన్నాను. అక్క మాత్రం ఒక్క మాట అనలేదు. అక్క తిడుతున్నంతసేపూ భయం లేదు, తిట్టడం మానేసిందంటేనే మేమందరం జాగ్రత్తపడతాం.

శనివారం పొద్దున ఎనిమిదింటికి దుబ్రోవ్నిక్ చేరాం. పెద్ద ఓడలు ఊరి గోడల దగ్గరికి రావు, కొండకి ఇవతల గ్రూజ్ రేవులో ఆగుతాయి. మధ్యాహ్నం రెండున్నరకల్లా అందరూ తిరిగి ఎక్కాలి, మూడింటికి ఓడ కదులుతుంది. అక్క మంచి గౌను వేసుకుని, వెండి గొంతును లేసు రుమాలులో చుట్టి చేతిసంచిలో పెట్టుకుంది. బావ తెల్లచొక్కా వేసుకున్నాడు, దిగాడు కూడా. నలభై అడుగులు నడిచి ఉంటాం.

ఒక గుంజ దగ్గర ఆగిపోయాడు.

దానికి రెండు మోకులున్నాయి. రెండో మోకు ఉచ్చును మొదటిదాని ఉచ్చు లోపలనుంచి పైకి తీసి గుంజకు వెయ్యాలట. అలా వేస్తే దేన్ని ముందు తియ్యాలన్నా తీసుకోవచ్చు. ఇక్కడ ఎవడో ఊరికే పైన పడేశాడు. ఇది నాకెలా తెలుసంటారా? బావ అన్నిసార్లు చెప్పాడు, నన్ను నిద్రలో లేపినా చెబుతాను.

నారింజ రంగు చొక్కా వేసుకున్న ముసలాయన ఒకడు గట్టుమీద ఉన్నాడు. పేరు స్తియెపో. అక్కడి పాతకాలం వాళ్ళకి మన ఇటాలియన్ వస్తుంది.

"ఇది వేసిందెవరండీ?" అన్నాడు బావ, ఉన్న ఆ కాస్త గొంతుతో.

"మా అల్లుడు," అన్నాడు స్తియెపో. "మీరేం చెప్పక్కర్లేదు. పొద్దున్నించీ వాడి మొహం చూళ్ళేకపోతున్నా."

ఇక అన్నదమ్ములకన్నా ఎక్కువైపోయారు. కాఫీ తాగి పోదాం రమ్మన్నాడు ఆయన. మా బారిలో కాఫీ నిలబడి మూడు గుక్కల్లో తాగేస్తాం. వాళ్ళకి కాఫీ అంటే తాగడం కాదు, కూర్చోవడం. కప్పులో చుక్క లేకపోయినా లేవరు. అక్కా నేనూ రేవు ఎదుట బెంచీ మీద, ఎండలో. గంట గడిచింది. రెండు గంటలు గడిచాయి. నేను మూడుసార్లు వెళ్ళి పిలిచాను. మొదటిసారి వస్తున్నానన్నాడు. రెండోసారి చెయ్యి ఊపాడు. మూడోసారి వెళ్ళేసరికి బావ ముందు చిన్న గ్లాసులో ఆకులు నానేసిన సారా ఉంది.

"బావా, ఆ గొంతుకేనా మేం మొక్కు తీర్చడానికొచ్చింది?"

"వాసన చూస్తున్నానే," అన్నాడు.

నేను తిరిగొచ్చి అక్కకి చెప్పాను. అక్క లేచింది. కాఫీ హోటల్లోకి వెళ్ళి వాళ్ళ బల్ల దగ్గర నిలబడింది. సంచిలోంచి రుమాలు తీసి బల్లమీద పెట్టి విప్పింది.

స్తియెపో ఆ వెండి గొంతు చూసి టోపీ తీశాడు, శిలువ గుర్తు వేసుకున్నాడు. సాన్ బియాజోని వాళ్ళు వ్లాహో అంటారు.

"మా వ్లాహో దగ్గరికొచ్చినోణ్ణా నేనింతసేపు కూచోబెట్టింది? లెయ్యవయ్యా, లే," అని బావ కుర్చీ తనే లాగేశాడు. "ఓడ గురించి బెంగెట్టుకోకమ్మా. మూడింటికి ఆఖరి మోకు తీసేది నేనే."

అప్పటికి పదకొండున్నర. కొండెక్కి దిగాలి, మొక్కు ప్రకారం బస్సు ఎక్కకూడదు. ఆ రోజు రేవులో మూడు ఓడలున్నాయి, ఆ మూడు ఓడల జనమూ కోట ద్వారం దగ్గర మా ముందే ఉన్నారు. చేతిలో గొడుగు ఎత్తిపట్టుకున్న ఆవిడ వెనకాల ఒక గుంపు, జెండా పట్టుకున్నాయన వెనకాల ఒక గుంపు. సందు దొరకదు, నిలబడనివ్వరు, కదలనివ్వరు. లోపల పెద్దవీధి రాళ్ళు జనం నడిచి నడిచి అద్దాల్లా నున్నగా ఉన్నాయి. అక్క నా చెయ్యి ఒకటి, బావ చెయ్యి ఒకటి పట్టుకుని నడిచింది. గుడి చేరేసరికి ఒంటిగంట దాటింది.

తలుపు వేసి ఉంది.

కొడితే పూలబుట్టతో ఒకావిడ తొంగిచూసింది. సాయంత్రం పెళ్ళి ఉంది, లోపల అలంకరణ జరుగుతోంది, నాలుగింటిదాకా తెరవం అంది. అక్క చేతులతో చెప్పింది, నేను మాటలతో చెప్పాను. ఆవిడ మంచిదే. ఆ వెండిది నాకివ్వండి, నేనే లోపల పెడతాను, మీరు ఓడకి వెళ్ళిపోండి అని చెయ్యి చాపింది. అక్క సంచి వెనక్కి లాక్కుంది. తలుపు మళ్ళీ పడింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇచ్చేసి పోదామే అన్నాను. దేవుడికి తెలియదా మనం వచ్చామని? ఇంకా కోతోర్ ఉంది, కోర్ఫు ఉంది, నా పెట్టె ఓడలో ఉంది. బావ మాత్రం గుడి మెట్టుమీద హాయిగా కూర్చున్నాడు.

"కంగారెందుకే మీకు? నాలుగింటికి చూసుకునే పోదాం. మోకు స్తియెపో చేతిలో ఉంది. మనం రాందే వదలడు."

అక్క ఆయన ముందుకొచ్చి నిలబడింది. మూడు రోజుల తరవాత మొదటిసారి ఆమె గొంతు విన్నాను.

"మా అమ్మ గ్రీసు ఓడకి పరిగెత్తుకొచ్చిన రోజు ఆ మోకు ఎవరి చేతిలో ఉంది?"

బావ తల దించుకున్నాడు. ఆ సంగతి మా ఇంట్లో ముప్పై ఏళ్ళ నాటిది. మా అమ్మ మూటా ముల్లెతో గట్టుమీద పరిగెత్తుకొస్తోంది, అల్లుడా అల్లుడా అని అరుస్తోంది. అల్లుడు చూశాడు, గడియారం చూశాడు, మోకు తీసేశాడు. మా అమ్మ చనిపోయేదాకా ఆయనకి పాస్తాలో చెంచాడు సాసు తక్కువే వడ్డించింది.

"ఎవరికోసమైనా ఆపావా ఎప్పుడైనా?" అంది అక్క.

"లేదు."

"మరి ఆయనెందుకాపుతాడు? ఆపడు. ఇప్పుడు బయల్దేరితే ఓడ దొరుకుతుంది. వెళ్తే వెళ్ళు. నేను నాలుగింటిదాకా ఇక్కణ్ణుంచి లేవను. కానీ నువ్వు లేకపోతే నేనుండి లాభం లేదు. అది నీకు తెలుసు."

ఓడ తప్పిపోవడమంటే బావకి ఎంత సిగ్గో మీకు తెలియదు. తప్పిపోయేవాళ్ళని జీవితమంతా గట్టుమీదనుంచి చూసి నవ్వినవాడు. చివరికి కాస్త పక్కకి జరిగి అక్కకి చోటిచ్చాడు.

"కూచో," అన్నాడు. "ఎండగా ఉంది, నీడలోకి జరుగు."

నేను ఇద్దరినీ తిట్టుకుంటూ పోయి మూడు ఐస్‌క్రీములు తెచ్చాను. ఒకటి నాకు, రెండోదీ నాకు. మూడోది వాళ్ళిద్దరూ పంచుకోవాలి, అది శిక్ష.

మూడు దాటాక కొండ అవతలనుంచి కూత వినిపించింది. బావ గడియారం చూసుకున్నాడు. ముందు మోకులు, నడిమివి, వెనకవి అని వేళ్ళు ఒక్కొక్కటే మడుస్తూ పోయాడు. "రెండు నిమిషాలు లేటు," అని గొణిగాడు. నా పెట్టె, నా కొత్త స్నానాల గౌను, కోతోర్, కోర్ఫు అన్నీ అలా తేలుతూ వెళ్ళిపోతుంటే ఈయనకి రెండు నిమిషాల బాధ. ఓడవాళ్ళకి ఫోను చేశాను. పెట్టెలు బారిలో ఇస్తామంది ఆ అమ్మాయి. మీరు క్షేమమేనా అని కూడా అడిగింది. అంతకన్నా తిట్టుంటే బాగుండేది.

నాలుగింటికి పూలావిడే తలుపు తీసింది. మమ్మల్ని చూసి పక్క పీఠం దగ్గరికి తీసుకెళ్ళింది. అక్కడ ఎర్ర ముఖమల్ మీద ఎవరెవరివో వెండి చేతులు, వెండి కాళ్ళు, కళ్ళు. అక్కా బావా వెండి గొంతును నాలుగు చేతులతో పట్టుకుని తగిలించారు. ఎదురుగా ఎత్తుమీద ఆ దేవుడు, ఊరంతటినీ బొమ్మలా అరచేతిలో పెట్టుకుని ఉన్నాడు.

బావ పెదాలు కదిలాయి.

"నాకే వినపళ్ళేదు, ఆయనకేం వినపడుద్ది? అంత ఎత్తునున్నాడు," అంది అక్క.

బావ గట్టిగా ఊపిరి తీసుకున్నాడు. మెడ మీది మచ్చ ఎర్రబడింది. ఆపరేషన్ అయ్యాక ఆ గొంతులోంచి అంత పెద్ద చప్పుడు రావడం నేను వినలేదు. తుప్పు పట్టిన తలుపు తీసినట్టు వచ్చింది.

"బతికించావయ్యా. మా ఆవిడ తీసుకొచ్చింది."

పూలావిడ పని ఆపి ఇటు చూసింది. అక్క "చాలు" అంది. ముక్కు చీదుకుని, రుమాలు మడత పెట్టుకుని, ఇక పెళ్ళివాళ్ళు వస్తున్నారు పదండి అని మమ్మల్నిద్దరినీ బయటికి తోసింది.

అదృష్టంకొద్దీ ఆ రాత్రికి బారి వెళ్ళే బల్లకట్టు ఓడ ఉంది. సాయంత్రం ఆరున్నరకి గ్రూజ్ రేవుకి చేరాం. స్తియెపో మమ్మల్ని దూరంనుంచే చూసి టోపీ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. మొహం చిన్నబుచ్చుకున్నాడు.

"చేతనైనంత ఆపాను, అన్నా. మోకు ఇరుక్కుందని చెప్పి రెండు నిమిషాలు లాగాను. పైనించి కెప్టెన్ అరుస్తున్నాడు. ఇంక నావల్ల కాలా."

నేను ఆయన చెయ్యి పట్టుకోబోయాను. ఆ దేవుడి గుడిలో కాసేపటి క్రితం అంత మెత్తబడిన మనిషి, మా బావ, నిటారుగా నిలబడ్డాడు.

"ఎందుకాపావు?" అన్నాడు. "ఆపకూడదు. టైమంటే టైమే. నేను మా అత్తగారికే ఆపలా."

స్తియెపో అక్కవైపు చూశాడు. అక్క ఆయన భుజం తట్టింది.

"నువ్వేమీ అనుకోకు, తమ్ముడూ. దేవుడు గొంతొక్కటే బాగుచేశాడు. నేనూ అదొక్కటే అడిగాను మరి."