పానకాలు ఆకాశపు గట్లు

మా పానకాలుకు ఆకాశంలో కూడా గట్లు కావాలి. నేలమీది గట్ల కోసం కొట్టుకునేవాళ్లని దర్శి చుట్టుపక్కల ఎంతమందినైనా చూపిస్తాను. గాల్లో గట్లు వేసి ఊరందరితో తగువు పెట్టుకునేవాడు మాత్రం వీడొక్కడే.

వాడు డ్రోనుతో మిరప చేలకు మందు కొడతాడు. చేతిలోని రిమోట్ తెరమీద జీపీఎస్ మ్యాపు ఉంటుంది. వెళ్లకూడని చోటు చుట్టూ దానిమీద ఎర్ర గీత గీస్తే, డ్రోను ఆ దరిదాపులకు రాగానే రిమోట్ కుయ్యోమంటుంది. మిగతావాళ్లు కరెంటు తీగల చుట్టూ గీసి ఊరుకుంటారు. వీడు సుబ్బరావమ్మ గారు వడియాలు పెట్టిన డాబా చుట్టూ గీశాడు. గేదెలు పడుకునే కుంట చుట్టూ గీశాడు. పెళ్లిచూపులు జరుగుతున్నాయని ఒక ఇంటి చుట్టూ ఒక పూటకి గీశాడు.

"పెళ్లిచూపులకీ దీనికీ ఏంట్రా సంబంధం?" అన్నాను.

"మందు కంపుకి పెళ్లికొడుకు ముక్కు మూసుకుంటాడు. పిల్ల నచ్చలేదేమో అనుకుంటారు పాపం!"

నా చేనికి పురుగు పట్టనంతవరకూ ఇదంతా నాకు నవ్వులాటగానే ఉండేది. ఈ ఏడు నల్ల తామరపురుగు పూతలో దూరింది. నాలుగు రోజులు ఆలస్యమైతే చేను పోయినట్టే. పానకాలు వచ్చాడు, మూడున్నర ఎకరాలు చకచకా కొట్టాడు. తూర్పు మూలకు రాగానే రిమోట్ కూసింది. వాడు డ్రోనుని వెనక్కి తిప్పేశాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఒరేయ్, అక్కడ తీగ లేదు, కుంట లేదు! ఆ మూల పురుగు మళ్లీ చేనంతా పాకదా?"

"అలారం యాభై మీటర్లకి పెట్టా. కూస్తే వెళ్లను."

"పదికి తగ్గించు!"

"తగ్గించను."

"నా చేను! నా మందు!"

"గాలి నీది కాదుగా."

రిమోట్ లాక్కుని చూశాను. ఆ గీతకు వాడు పేరు కూడా పెట్టాడు: బుడాన్ మామ. గట్టు అవతల రేకుల ఇల్లు బుడాన్‌ది. ఇరవై ఏళ్లు మా చేలన్నిటికీ వీపున పంపు మోసి మందు కొట్టినవాడు. మూతికి కట్టుకోవడానికి ఒక గుడ్డముక్క కూడా ఎవరమూ ఇవ్వలేదు. నేనూ ఇవ్వలేదు. ఇప్పుడు ఆ వాసన సోకితే ఆయనకు రెండు రోజులు ఊపిరాడదు. ఇది నాకు తెలుసు, తెలిసీ మరిచిపోయాను. నామీద నాకే అసహ్యం వేసింది. అయినా అరవడం మాత్రం పానకాలు మీదే అరిచాను.

"ముందే చెప్పి చావొచ్చుగా! మరి నా మూల సంగతేంటి?"

"రేపు పొద్దున్నే గాలి ఇటు తిరుగుద్ది. నేనే పంపు తగిలించుకుని కొడతా. ఈ చుట్టుపక్కల అయిదు చేలకీ అట్టాగే కొడుతున్నా. నువ్వేమన్నా కొత్తా?"

మర్నాడు నేనూ ఒక పంపు తగిలించుకున్నాను. ఇద్దరం మాస్కులు పెట్టుకుని సాళ్లలోకి దిగామో లేదో, రేకుల ఇంటి గుమ్మంలోంచి బుడాన్ గొంతు ఖంగుమంది.

"ఒరేయ్ యలమందా! పానకాలూ! మొక్కలకి తలంట్లు పోస్తున్నారేంట్రా? ఆకు అడుగున పడాల మందు, అడుగున!"

మేమిద్దరం నాజిళ్లు ఆకుల కిందికి దించి పైకి తిప్పుకున్నాం.