మా ఇంటి నేలవేము కషాయం

చలిజ్వరం వస్తే ఇండూరు చుట్టుపక్కల వాళ్లంతా మా ఇంటికే వచ్చేవారు. నేలవేము కషాయం కాచి ఇవ్వడం మా వంశపు హక్కు. తాగేవాళ్లు మొహం చిట్లించకూడదని తాతగారి శాసనం. పొలాలు పోయినా ఆ హక్కు మాత్రం మాకు మిగిలింది. ఇవ్వడమే తప్ప మాలో ఎవరూ దాన్ని తాగి ఎరగరు.

పోయిన వానాకాలం నాకే జ్వరం వచ్చింది. రక్తపరీక్ష చేసి మలేరియా అన్నారు, మాత్రలిచ్చారు. వాటిని పక్కన పడేసి, నిటారుగా కూర్చుని, మా మేనత్త కాచిన కషాయం నోట్లో పోసుకున్నాను. మరుక్షణం అదంతా గోడమీద ఉంది.

పాలు పోయడానికి వచ్చిన ముసలమ్మ పగలబడి నవ్వింది. "ఏం సామీ, మూతి తిప్పినానని మీ తాత నన్ను ఎంత తిట్టినారు! మీరు గోడకే తాపిస్తిరే!"

"జ్వరం నోటికి చేదు ఎక్కువ," అన్నాను.

"మేము జరం లేకనే తాగినామా? మాత్తరలు మింగండి సామీ. కడాకు జరమొస్తే మీ తాత కూడా తలమింద తుండు కప్పుకోని ఆసుపత్రికే పోయినారు. మా ఇంటాయనే బండి కట్టినాడు."

అత్త వంక చూశాను. ఆమె గోడ తుడవడంలో మునిగిపోయింది. మాత్రలు మింగాను.

కషాయంతోనే తగ్గిందని అత్త ఊరంతా చెబుతోంది. నేను కాదనను. జ్వరమని మా గడప తొక్కినవాళ్లను మాత్రం ముందు రక్తపరీక్షకు పంపుతున్నాను.