గంప కింద గొర్రెపిల్ల

నిన్న వానలో తడిసిన గొంగడి వాసన తగలగానే మా తాత చేనులో దిగిన మంద గుర్తుకు వచ్చింది. అవి అరవైల తొలి ఏళ్లు. నేను మూడో తరగతి. వేసవి సెలవులకు మట్టెవాడ నుండి తాత ఊరు స్టేషన్ ఘన్‌పూర్ వెళ్లేదాన్ని. గొల్ల మల్లయ్య ఏటా ఎండాకాలంలో గొర్రెలను గోదావరి అడవులకు తోలుకుపోతూ, దారిలో మూడు రోజులు మా చేనులో మంద నిలిపేవాడు. చేనుకు ఎరువు దక్కేది. అందుకు తాత అతనికి జొన్నలు ఇచ్చేవాడు.

ఆ ఏడు మంద బయలుదేరే పొద్దున ఒక గొర్రె ఈనింది. దారిలో అప్పటికే రెండు పిల్లలు చచ్చిపోయాయని మల్లయ్య తాతతో చెప్పగా విన్నాను. ఈ పిల్ల కూడా చస్తుందని భయపడి, దాన్ని గంప కింద దాచాను. తల్లి అరుస్తూ అక్కడే నిలిచిపోయింది. దానితో మంద అంతా ఆగింది. చివరకు గంప కింది నుండి పిల్ల బదులు పలికింది.

"దొంగ దొరికిందయ్యో!" అని మల్లయ్య నవ్వాడు. "ఎందుకు దాస్తివి బిడ్డా?"

"నడిస్తే సస్తది. ఈడనే ఉండనీ మల్లన్నా."

"ఈడ గడ్డేది? తల్లి మేయకుంటే పాలు యాడికెల్లి వస్తయి? నడిస్తే ఒకటో రెండో పోతయి. నడవకుంటే మందే పోతది."

నాకు నమ్మకం కుదరలేదు. తాత కోప్పడబోతే మల్లయ్య వారించి, పిల్లను నా చేతుల్లో పెట్టాడు.

"పొలిమేర దాక నువ్వే ఎత్తుకో."

ఎత్తుకున్నాను. తల్లి గొర్రె నా మోచేతిని మూతితో తడుముతూ పక్కనే నడిచింది. వెనుక మంద కదిలింది. పిల్లను చావుకు మోసుకుపోతున్నానని దారి పొడవునా ఏడ్చాను. తల్లికి పచ్చిక దొరికే దిక్కుకు దాన్ని మొదటి అర మైలు మోసింది నేనేనని తెలియడానికి పెద్దదాన్ని కావలసివచ్చింది.