రాత్రి ఎవరింట్లో తిన్నావు

ఖమ్మం కోర్టులో సైమాను ఎరిగినవాళ్లు ఆమె గురించి రెండు మాటలు చెబుతారు. గొంతు పెంచదు, పిల్లల కేసు వదలదు. మొదటి గుణం వాళ్ల నాన్న రహీం నుంచి వచ్చింది. ఇనుప పెట్టెలు చేసే దుకాణంలో రోజంతా సుత్తి మోతల మధ్య గడిపే మనిషి, ఇంటికొచ్చాక ఎవరు గట్టిగా మాట్లాడినా ఓర్చుకోలేడు. రెండోది ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకే తెలియదు. బీఎస్సీ కెమిస్ట్రీ చదివింది. ఏదో ఒక ల్యాబ్‌లో కుదురుకుంటుందని ఇంట్లో అనుకుంటుంటే వెళ్లి లా కాలేజీలో చేరింది. ఉచిత న్యాయ సహాయం చేసే వకీళ్లలో పేరు పడ్డాక, ఫీజు రాని కేసులన్నీ ఆమె బల్ల మీదికి చేరడం మొదలైంది. వాటిలో పిల్లలవే ఎక్కువ.

కొడుకు పుట్టాక ఆ కేసులు చదవడం కష్టమైంది. కాగితంలో ‘పిల్లకు జ్వరం’ అన్న మాట కనబడితే చాలు, చెయ్యి దానంతట అదే పక్కనున్న కొడుకు నుదుటి మీదికి వెళ్లేది.

“గిట్లయితే ఈ పని నీతోని కాదు బేటీ” అనేది తల్లి సర్వరీ బేగం. అంటూనే, పొద్దున్నే మనవణ్ని చంకనేసుకొని “పో, జల్దీ పో, బస్సు పోతది” అని కూతుర్ని గడప దాటించేదీ ఆమే.

సుజన కేసు వచ్చింది ఆ రోజుల్లోనే. సుజనకు ఎనిమిదేళ్లు. తల్లి పోయింది. తండ్రి మిరప కోతలకని వెళ్లి మళ్లీ రాలేదు. కొంతకాలం పిల్లల హోంలో ఉండి, తర్వాత ఏన్కూరు అవతల అడవి అంచున ఉన్న ఒక హాస్టల్లో చదువుకుంటోంది. వేసవి సెలవులివ్వగానే ప్రతి పిల్లకూ ఎవరో ఒకరు వచ్చారు. సుజనకు ఎవరూ రాలేదు. ఖాళీ వరండాలో తన పెట్టె మీద తానే కూర్చున్న పిల్లను, హాస్టల్లో వంట చేసే జంపక్క గిన్నెలు తోముతూ చూసింది. చేతులు కొంగుకు తుడుచుకొని వార్డెన్ దగ్గరికి వెళ్లింది.

“ఈ పిల్లను నేను తోలుకపోత సారూ. ఎవల్నడగాలె?”

ఎవరిని అడగాలో వార్డెన్‌కూ తెలియదు. అడగ్గా అడగ్గా ఆ ప్రశ్న సైమా దాకా వచ్చింది. దానికి చట్టంలో దారి ఉంది. ఫోస్టర్ కేర్ అంటారు. దత్తత కాదు. పిల్ల బాధ్యత సర్కారుదే, పెంచేది మాత్రం ఒప్పుకున్న ఇల్లు. బాలల సంక్షేమ సమితి ఏటా చూసి, బాగుందనుకుంటే గడువు పొడిగిస్తుంది, లేకపోతే పిల్లను వెనక్కి తీసుకుంటుంది. జంపక్క భర్త పోయిన మనిషి. ఒంటరి ఆడదానికి పిల్లను ఎట్లా ఇస్తారన్నవాళ్లకు, ఇప్పుడు ఇవ్వవచ్చని సైమా నిబంధన తెరిచి చూపించింది. ఆ విధంగా సుజన తన పెట్టెతో సహా జంపక్క గూడేనికి చేరింది.

ఏడాది తిరిగింది. జిల్లా ఆఫీసు నుంచి హీరాలాల్ అనే ఉద్యోగి పిల్లను చూసి రావడానికి వెళ్లాడు. సైమా ఉండగానే అతని నివేదికను సమితి ముందు చదివారు.

రాత్రి ఎక్కడ తిన్నావని అడిగితే సుజన ముసలయ్య తాత ఇంట్లో అంది. అంతకు ముందు రోజు పుష్పలత పెద్దమ్మ ఇంట్లో. ఆ ముందు రోజు ఇంకెక్కడో. పిల్ల సంతోషంగానే చెప్పింది. కాగితం మీద మాత్రం అది అడుక్కుతింటున్న పిల్ల కథలా ఉంది.

సమితి అధ్యక్షురాలు ప్రమీలారాణి, హెడ్మిస్ట్రెస్‌గా పనిచేసి రిటైరైన మనిషి, కళ్లజోడు తీసింది. “రోజుకో ఇల్లు. ఈ పిల్లకు ఇంత అన్నం పెట్టే దిక్కుందా లేదా, సైమా గారూ? వచ్చే నెల మళ్లీ చూస్తాం. ఇదే పరిస్థితి అయితే హోంకు పంపడం తప్ప నాకు దారి లేదు.”

బయట మెట్ల మీద సైమా హీరాలాల్‌ను ఆపింది. “ఏంది హీరాలాల్ గారూ, గిట్ల రాసిండ్రు?”

“ప్రశ్న ఏమున్నదో అదే అడిగిన మేడం. పిల్ల రోజూ ఎక్కడ తింటది? జవాబుకు ఒక్క గీత ఇచ్చిండ్రు. మా తండాల నేను గూడ గిట్లనే పెరిగిన.”

“మరి ఆ ముక్క రాయొచ్చు గదా.”

“నా చిన్నతనం గురించి అండ్ల కాలమ్ లేదు మేడం.”

ఆ వారంలోనే సైమా గూడేనికి వెళ్లింది. సమితి అన్నదంతా జంపక్కకు చెప్పింది. జంపక్క గూడెం పద్ధతి చెప్పింది. ఆ గూడెంలో పొద్దుగూకే వేళకు పిల్ల ఎవరి వాకిట్లో ఉంటే వాళ్లే అన్నం పెడతారు. వద్దని పిల్లను లాక్కుపోవడమంటే ఆ ఇంటితో తగవు పడ్డట్టే. బయటి నుంచి వచ్చిన పిల్లకైతే ఇది మరీ ముఖ్యం. అన్ని పొయ్యిల మీది అన్నం తిన్నాకే ఆమెను గూడెం బిడ్డ అంటారు.

“పక్కింట్ల తింటే తప్పా వకీలమ్మా?”

“తప్పు కాదక్కా. కాగితానికి అర్థం కాదు. ఈ ఒక్క నెల నీ ఇంట్లనే తినిపియ్యి. చీకటి పడకముందే లోపలికి పిలువు. మల్ల అడిగితే పిల్ల నీ పేరే చెప్పాలె.”

“గట్ల చేస్తే నా బిడ్డ నా దగ్గరనే ఉంటదా?”

ఉంటుందని మాట ఇవ్వడానికి సైమాకు ధైర్యం చాలలేదు. “అందుకే చేస్తున్నం” అంది.

రెండు వారాల తర్వాత మళ్లీ వెళ్లేసరికి గూడెం తీరు మారిపోయింది. బోరింగు దగ్గర నీళ్లు పట్టుకుంటున్న ఆడవాళ్లు ఆమెను చూసి మాటలాపేశారు. పుష్పలత బిందె ఎత్తుకుంటూ ఎవరితోనో అన్నట్టుగా అంది: “మా కుండల ఏం కలిపినమో పట్నంల టెస్ట్ చేయించిండ్రట. రిపోర్టు ఇయ్యనీకె వచ్చినట్టున్నరు.”

జంపక్క ఇంట్లో సుజన గడపకు ఇవతల కూర్చుని ఉంది. కంచంలో అన్నం కెలికినట్టే ఉంది గానీ తిన్నట్టు లేదు. పుస్తకాలు, బట్టలు మళ్లీ పెట్టెలో సర్ది ఉన్నాయి.

“ఎందుకు సర్దినవురా?” అంది సైమా.

“హోంల గూడ గింతే గదా మేడం. ఒక్కతాన్నే తినాలె, చీకటైతే లోపలికి పోవాలె. మల్ల ఆడికే పంపుతున్నరు గదా నన్ను?”

జంపక్క మొహం పక్కకు తిప్పుకుంది.

తిరుగు బస్సులో సైమా కిటికీకి తల ఆనించి కూర్చుంది. ఒక పదార్థం గుణం తెలియాలంటే దాన్ని దేనితోనూ కలవకుండా విడదీసి చూడాలని కాలేజీలో నేర్చుకుంది. ఇక్కడ విడదీయగానే ఉన్న గుణం పోయింది. పిల్లను ఆ ఇంట్లో నిలపాలని తాను చేసిన పని, ఆ ఇంటిని పిల్లల హోంలా మార్చింది. జవాబును కాదు, ప్రశ్నను మార్చాలి. వైరా చేరేలోపే ఆమె జంపక్కకు ఫోన్ చేసింది. “అక్కా, నేను చెప్పింది తప్పు. పిల్లను ఎప్పటిలెక్కనే తిరగనియ్యి.”

మర్నాడు సమితికి పిటిషన్ పెట్టింది. రెండు విన్నపాలు. ఒకటి, ఈ విచారణ గూడెంలోనే జరపాలి. రెండు, అడవి గూడేల్లో, తండాల్లో పెరిగే పిల్లల గురించి అడిగే ప్రశ్నలను మార్చమని సర్కారుకు సిఫారసు చేయాలి. తోటి వకీలు జైరాం చదివి నవ్వాడు.

“ఒక్క పిల్ల కోసం హైదరాబాద్ల రూలు మారుస్తరా సైమా?”

“మారిస్తే ఒక్క పిల్లకే ఆగదు గదన్నా.”

ప్రమీలారాణి మొదటి విన్నపానికి ఒప్పుకుంది. రెండోది విచారణ తర్వాత చూద్దామంది. ఆమె వచ్చిన రోజు గూడెం బడి వరండాలో జనం నిండిపోయారు. సుజన గోడకు ఆనుకుని నిలబడింది. ఏం చెప్పాలో ఈసారి ఆ పిల్లకు ఎవరూ నేర్పలేదు.

“రాత్రి ఎవరింట్లో తిన్నావమ్మా?”

“పుష్పలత పెద్దమ్మ ఇంట్ల.”

“నాలుగు ముద్దలు తిని ఆరు ముద్దలు కోళ్లకేసింది” అంది పుష్పలత. వరండా అంతా నవ్వింది. సైమా నవ్వలేదు. ప్రమీలారాణి కూడా నవ్వలేదు.

“సరే. అందరూ పెడుతున్నారు, బాగానే ఉంది. ఈ పిల్ల కనబడకపోతే ఎవరికి తెలుస్తుంది? వీళ్లింట్లో ఉందని వాళ్లు, వాళ్లింట్లో ఉందని వీళ్లు అనుకుంటే?”

సైమా జనం వైపు తిరిగింది. తల్లిగా తనను పీడించిన ప్రశ్న కూడా అదే.

ముసలయ్య లేచాడు. “అయ్యింది తల్లీ, దాచుడెందుకు. వానాకాలంల కోతుల ఎనక పోయింది. అన్నం యాళ్లకు జంపక్క ఇల్లిల్లు తిరిగింది. మా ఇంట్ల లేదు, మా ఇంట్ల లేదు అనంగనే పొయ్యి మీది కుండలు దించి అందరం లేసినం. వాగు కాడ దొరికింది. ఆ దినం జంపక్క తిట్టిన తిట్లకు కోతులు గూడ మల్ల ఈ దిక్కు రాలే.”

ప్రమీలారాణి పిల్ల వైపు తిరిగింది. “జ్వరమొస్తే ఎక్కడ పడుకుంటావు?”

సుజనకు ఆ ప్రశ్నే వింతగా తోచింది. “జంపమ్మ కాడ. ఎవరింట్ల ఉన్నా ఎత్తుకొచ్చి ఆడనే పండవెడతరు. దవాఖానకు జంపమ్మనే తోలుకపోతది. సూది ఏపిస్తది.” కాస్త ఆగి, “నాకంటె ముందు ఆమె ఏడుస్తది” అంది.

“ఏడ ఏడ్చిన?” అంది జంపక్క. అప్పటికే ఏడుస్తోంది.

ప్రమీలారాణి లేవబోతుంటే పుష్పలత దారికి అడ్డం వచ్చింది. రెండు ముద్దలు తిని వెళ్లాలంది. విచారణలో ఉన్నవాళ్ల ఇంట్లో తినకూడదని రూలుందని హీరాలాల్ నెమ్మదిగా చెప్పాడు. “విచారణల జంపక్క ఉన్నది సారూ. మేం లేం గదా” అంది పుష్పలత. ప్రమీలారాణి ఆ రోజు మొదటిసారి నవ్వింది. భోజనం వద్దంది గానీ, మజ్జిగ తాగింది.

సుజన గడువు మరో ఏడాది పొడిగించారు. సిఫారసు హైదరాబాద్ వెళ్లింది. పరిశీలిస్తున్నామని ఒక ముక్క జవాబు వచ్చింది, అంతే. “కాలమ్ మార్చే అధికారం నాకు లేదు. ఇంకో ప్రశ్న అడగొద్దని మాత్రం ఎవరూ అనలేదు” అంది ప్రమీలారాణి. ఇప్పుడు హీరాలాల్ ఏ గూడేనికి వెళ్లినా, ఏ తండాకు వెళ్లినా జ్వరం సంగతి, పిల్ల కనబడకపోతే ఎవరు వెతుకుతారన్న సంగతి కూడా అడుగుతున్నాడు. మొదటిసారి అడిగినప్పుడు హేమ్లి అనే ముసలమ్మ చెప్పిన జవాబు గీత దాటి, పేజీ దాటి, వెనక వైపుకు పోయింది. అతను అంతా రాసుకొచ్చాడు.

ఆర్డరు కాపీ ఇవ్వడానికి సైమా ఒక ఆదివారం కొడుకును కూడా వెంటబెట్టుకుని గూడేనికి వెళ్లింది. జంపక్క దాన్ని రెండు చేతులతో పట్టుకుంది.

“మల్ల ఏడాదికి గిట్లనే భయపడాల్నా వకీలమ్మా?”

“మల్ల చూస్తరక్కా. చూడాలె గూడ. అన్ని ఇండ్లు గిట్లుండవు గదా. నేనైతే ప్రతి ఏడాది వస్త.”

“అవ్, రా” అంది జంపక్క. ఆర్డరును దేవుడి పటం వెనక పెట్టి పొయ్యి రాజేసింది.

అప్పుడు చూసుకుంది సైమా. కొడుకు లేడు. సుజన ఎత్తుకుని ఎటో వెళ్లింది. చెప్పులు వేసుకోకుండానే వాకిట్లోకి వచ్చి నిలబడింది. అటు మూడిళ్లు, ఇటు నాలుగిళ్లు, అన్నింట్లోంచీ పొగ లేస్తోంది.

“ఏదో ఒక ఇంట్ల ఉంటడు తీ” అంది లోపల్నుంచి జంపక్క.

సైమా ఏ ఇంటికి పోవాలో తేల్చుకునేలోపే పుష్పలత ఇంటి లోపల్నుంచి సుజన గొంతు వినిపించింది. “మేడం, తమ్ముడు పప్పు తింటుండు. ఇంకింత అడుగుతుండు, పెట్టాల్నా?”

కారం ఉందేమో అడుగుదామనుకుంది సైమా.

“పెట్టు” అంది.