గవినోళ్ల మల్లయ్యను తవ్వి తీశాను

చెల్లెలి పెళ్ళికి అడ్డుపడ్డ అన్నలను లోకం చాలామందినే చూసింది. సాయం చేస్తున్నానని చెప్పుకుంటూ ఆ పెళ్ళిని గోతిలోకి దొర్లించిన అన్నను చూడాలంటే మాత్రం నన్నే చూడాలి. మీరు నవ్వుతూ చదవండి, అభ్యంతరం లేదు. నాకు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అప్పట్లో నేను పాశమైలారంలో ఒక మందుల కంపెనీలో కెమిస్టును. వారమంతా రసాయనాలను పరీక్షించేవాణ్ణి. ఆదివారం సంగారెడ్డిలో ఒక చర్చా గోష్ఠికి పోయి మూఢనమ్మకాలను పరీక్షించేవాణ్ణి. తాయెత్తు, వాస్తు, జాతకం, దుర్ముహూర్తం, ఏదీ నా నోట పడి బతికి బయటపడలేదు. నన్ను దూరం నుంచి చూస్తే పురోహితులు మంత్రాలు గబగబా ముగించేవారు. నేనది భయమనుకున్నాను. విసుగని తర్వాత తెలిసింది.

మా ఇంటిపేరు గవినోళ్ల. వెనకటి రోజుల్లో ఊరి చుట్టూ గోడ, ఆ గోడకొక పెద్ద దర్వాజా ఉండేవి. ఆ దర్వాజానే గవిని. దాని పక్కన ఇల్లున్నవాళ్ళు గవినోళ్లు. అంతకుమించి అందులో రాజులూ లేరు, గుర్రాలూ లేవు. మహా అయితే దర్వాజా నీడన పడుకున్న ఒక ముసలి ఎద్దు ఉండి ఉంటుంది.

మాది హత్నూర దగ్గర ఊరు. మా నాన్న పోయాక ఇంటికి పెద్దదిక్కు ఆయన అన్న, మా పెద్దబాపు. చెల్లెలు సరళ మా కంపెనీలోనే ప్యాకింగ్ విభాగంలో సూపర్‌వైజర్. అక్కడే బాయిలర్ చూసుకునే శ్రీకాంత్‌ను చేసుకుంటానంది. కర్దనూర్ పిల్లవాడు, నెమ్మదస్తుడు, తాగడు. కులమూ ఒకటే. నాకది లెక్కలోకి రాదు గానీ పెద్దబాపు నిద్రకు అదే మందు. ఒక్కటే చిక్కు. అతని ఇంటిపేరు కూడా గవినోళ్లే.

మావైపు ఇంటిపేరు ఒకటైతే పాలోళ్లు, అంటే ఒకే మూలపురుషుడి నుంచి చీలిన దాయాదులు. పాలోళ్ల పిల్లలు అన్నాచెల్లెళ్ళ కింద లెక్క. పెళ్ళి మాట ఎత్తకూడదు. ఒకరింట్లో చావైతే అందరికీ మైల.

కర్దనూర్ వాళ్ళు, మీ పెద్దలు ఊ అంటే మాకేం పట్టింపు లేదన్నారు. పెద్దబాపు రెండు పూటలు ఆలోచించి, బీడీ ఆర్పి, తీర్పు చెప్పాడు.

"ఏ ఊరి గవిని ఆ ఊరిది. ఆళ్లు ఆళ్ల గవిని కాడుండిరి, మనం మన గవిని కాడుంటిమి. గట్ల అనుకుంటే పానం నిమ్మలమైతది. జెర ఆగుండ్రి, నలుగురిని అడిగి ఊ అంట."

గమనించారా? ఆ ముసలాయన నేను చేయదగిన వాదన నాకంటే బాగా చేశాడు. నూటికి తొంభై వంతులు పెళ్ళి అయిపోయినట్టే. సరళ నన్ను వంటింట్లోకి లాగి చెవిలో చెప్పింది.

"అన్నా, నీ కాళ్లు మొక్కుత. ఇగ నువ్వేం మాట్లాడకు."

కందకు లేని దురద కత్తిపీటకని సామెత. ఇక్కడ కందకూ లేదు, కత్తిపీటకూ లేదు, పక్కనున్న చాటకు పుట్టింది. ఆ చాటను నేనే. 'అనుకుంటే' అట. ఒక హేతువాది ఇంట్లో పెళ్ళి 'అనుకోవడం' మీద జరగడమా? నేను మళ్ళీ వసారాలోకి వచ్చి గొంతు సవరించుకున్నాను.

"అనుకునుడెందుకు పెద్దబాపూ? జిల్లా దఫ్తర్ల పాత రికార్డులున్నయి. రెండిండ్లకు సంబంధం లేదని కాయితం తెచ్చి సూపిస్త."

"కాయితంల ఒక్కటే అని ఉంటెనో?"

"ఉంటె నువ్వు చెప్పినట్టే వింట. పాలోళ్లు ఏమేం జేస్తరో అన్నీ జేస్త."

"మాట తప్పవు గద?"

"రుజువుకు తల వంచకపోతే నేనెందుకు?"

వంటింట్లో ఏదో గిన్నె కిందపడింది. పడిందనే అప్పుడు అనుకున్నాను. సరళ విసిరిందని చాలా రోజులకు గానీ అమ్మ చెప్పలేదు.

నిజాం కాలం నాటి కాగితాలు ఉర్దూలో ఉంటాయి. నా ఉర్దూ 'చాయ్'తో మొదలై 'కిరాయి'తో ముగుస్తుంది. అందుకని ఖలీల్ సాబ్‌ను పట్టుకున్నాను. ఆయన రిటైరైన ఉర్దూ మాస్టరు, దఫ్తరుకు వచ్చినవాళ్ళకు పాత కాగితాలు చదివిపెట్టేవాడు. ఈ రెండు కుటుంబాలకు సంబంధం ఉందో లేదో చూడాలన్నాను. ఇక్కడొక సంగతి మీకు చెప్పాలి. ఆయన దగ్గరికి వచ్చే ప్రతివాడూ ఎవరో ఒకరికి చుట్టమని తేల్చుకోవడానికే వస్తాడు, భూమిలో వాటా కోసం. ఎవరికీ ఏమీ కానని తేల్చుకోవడానికి వచ్చినవాణ్ణి ఆయన పుట్టి ఎరగడు.

కాబట్టి ఏమీ దొరకని ప్రతిరోజూ నేను లోపల సంబరపడుతుంటే ఆయన నా భుజం తట్టి, పరేషాన్ కావద్దు బేటా, నీ వాళ్ళు ఎక్కడికీ పోరు, దొరుకుతారు అని ఓదార్చేవాడు. ఇక చాలు సాబ్ అంటే ఒప్పుకునేవాడు కాదు. నా కోసం అద్దాలు కూడా మార్పించుకున్నాడు. చివరికొక రోజు నేను పోయేసరికి చాయ్ తెప్పించి ఉంచాడు.

"ముబారక్ బేటా. దొరికిన్రు."

పాత విరాసత్ కాగితం. గవినోళ్ల మల్లయ్య చనిపోతే భూమి ఇద్దరు కొడుకుల పేర్లకు మారింది. పెద్దవాడి కాపురం మా ఊళ్ళో. అతను మా తాతకు తాత. చిన్నవాడి కాపురం కర్దనూర్‌లో.

చాయ్ గ్లాసు కింద పెట్టేశాను. ఇది దొరకొద్దని కోరుకున్నాను సాబ్ అని పెళ్ళి సంగతంతా చెప్పాను. ఆయన కొత్త అద్దాలు తీసి నన్ను జాలిగా చూశాడు.

"మా ఇండ్లల్ల చిన్నాయన బిడ్డనే చేసుకుంటం. మీకేంది బేటా గింత పరేషానీ? పోనీ, చెప్పకు. ఎవలికి తెలుస్తది?"

సైతాను నోట వచ్చిన మాటేమీ కాదది, మంచి మనిషి చెప్పిన మంచి మాట. కానీ నేను సత్యానికి కట్టుబడ్డవాణ్ణి కదా. బస్సు దిగి సరాసరి ఇంటికి పోయి కాగితం చదివేశాను. కొండను తవ్వి ఎలుకను పట్టినవాళ్ళు అదృష్టవంతులు. నేను దఫ్తరును తవ్వి దాయాదులను పట్టాను.

పెద్దబాపు ముఖం చూస్తే ఆయన గెలిచినట్టు లేదు.

"నేను ఊ అందామనే కూసున్న. నువ్వే గదా ఆ మల్లయ్యను తవ్వి తెస్తివి."

అప్పుడు లేచాను. అన్నేళ్ళ గోష్ఠుల ఆవేశమంతా కట్ట తెంచుకుంది. "మేనమామ బిడ్డను చేసుకుంటరు, అక్కబిడ్డను చేసుకుంటరు. అది దగ్గరి రక్తం. అయిదారు తరాల కింద చీలినోళ్లు వద్దంటరా? ఇదేం న్యాయం?" ఇంటి దూలాలు అదిరాయి. పెద్దబాపు చివరి దాకా విన్నాడు.

"మంచి ముచ్చటే. ముందుగాల్ల చెప్పాల్సింది. నువ్వు కాయితం మీద పందెం కాస్తివి."

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

పెళ్ళి ఆగింది. సరళ నాతో మాట్లాడటం మానేసింది. కంపెనీ బస్సులో నేనెక్కితే ఆమె దిగి తర్వాతి బస్సులో వచ్చేది. శ్రీకాంత్ ఎదురుపడితే మర్యాదగా 'అన్నా' అనేవాడు. ఆ పిలుపు నాకు చెప్పుదెబ్బలాగే తగిలేది.

అది చాలదన్నట్టు, కర్దనూర్‌లో శ్రీకాంత్ చిన్నతాత కాలం చేశాడు. ఆ పెద్దమనిషిని నేను బతికుండగా చూడలేదు. కానీ పాలోళ్లమని తేలిపోయింది కదా, కబురొచ్చింది. దశదినం నాడు పెద్దబాపు నన్ను చెరువు కట్టకు తీసుకుపోయి మంగలి ముందు కూర్చోబెట్టాడు. గుండుతో సోమవారం డ్యూటీకి పోతే ల్యాబ్‌లోని బీహార్ కుర్రవాళ్ళు తిరుపతి లడ్డు అడిగారు. ఏం చెప్పను, ఉర్దూ కాగితం చదివించుకున్నానని చెప్పనా?

చివరికి అడ్డం తీసింది మా మేనమామ. మనిషి వచ్చి, మటన్ తిని, చేయి కడుక్కుంటూ ఒక్క మాటలో తేల్చాడు.

"పిల్లను నాకు సాదుకానికియ్యుండ్రి. నా ఇంటిపేరు మీద లగ్గం చేస్త."

అంటే దత్తత. సరళ ఇంటిపేరు మారుతుంది, పాలి తెగుతుంది, అన్నాచెల్లెళ్ళు మళ్ళీ పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ అవుతారు. పెద్దబాపు వెంటనే తలూపాడు, ఇది తాతల నాటి పద్ధతే అన్నాడు. నాకు మండిపోయింది.

"గిసుంటి తొవ్వ ఉన్నదని ముందే చెప్పొద్దా పెద్దబాపూ?"

"ముందుగాల్ల అడ్డమేడుండె కొడుకా? నువ్వు తెచ్చినంకనే గద."

పెళ్ళి పటాన్‌చెరులో ఒక ఫంక్షన్ హాల్లో జరిగింది. తల మీద వేలి మందం జుట్టుతో, అన్న హోదాలో, పెళ్ళికూతురి పక్కకు నడిచాను. మేనమామ చేయి అడ్డం పెట్టాడు. ఇప్పుడామె ఆయన బిడ్డ. మేమేమో కాగితం సాక్షిగా పెళ్ళికొడుకు పాలోళ్లం, కాబట్టి మా చోటు మగపెళ్ళివారి వైపు. వెనక్కి తిరిగి చూస్తే పెద్దబాపు అప్పటికే ఆ వైపు మొదటి వరుసలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. ఆడపిల్ల ఇంటి పెద్దగా జీవితమంతా చేతులు కట్టుకుని నిలబడ్డ మనిషి, స్వీటు చల్లారిందని అలుగుతున్నాడు.

అప్పగింతలప్పుడు అందరూ ఏడుస్తున్నారు. మేనమామ సరళ చేతిని మగపెళ్ళివారి పెద్దల చేతుల్లో వరసగా పెట్టుకుంటూ వచ్చి నా ముందు ఆగాడు. నా చెల్లెలి చేతిని నా చేతిలో పెట్టాడు.

"మా పిల్లను మీ చేతుల పెడుతున్నం. జెర మంచిగ సూసుకోండ్రి."

మేనమామ బిడ్డకు నేనేమవుతానో సరళకు బాగా గుర్తుంది. కళ్ళు తుడుచుకుంటూ నా వైపు వంగి, ఎన్నో వారాల తర్వాత నాతో మొదటి మాట మాట్లాడింది.

"ఇప్పటికన్న నోరు మూసుకో బావా."

అందుకని పాఠక మహాశయులారా, నిండు సభలో ప్రమాణం చేస్తున్నాను. దేవుడి మీద కాదు, ఆయనతో నాకు పరిచయం లేదు. నా హేతుబుద్ధి మీద, అది ఇంకా ఎంతోకొంత మిగిలి ఉంటే దాని మీద. ఊ అనబోతున్న మనిషి ముందు ఈ జన్మలో ఇంకెప్పుడూ రుజువు తీయను.